చిట్టెలుకకు మూడేళ్లు, గబ్బిలానికి నలభయ్యేళ్లు: ప్రాణులు ఎందుకు ముసలివవుతాయి?

నీలికలువ (ప్రశ్న):

నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. ముసలివి చనిపోకపోతే కొత్త తరానికి తిండీ చోటూ మిగలవు కాబట్టి జాతి మేలు కోసం ప్రకృతే వార్ధక్యాన్ని ఏర్పాటు చేసిందని నా చదువుకాలంలో విన్నాను. జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ వైస్‌మన్ 1880లలో ఇలాంటి వాదనే చేశాడని తరవాత తెలిసింది. గుండె వేగంగా కొట్టుకునే చిన్న జంతువులు త్వరగా అరిగిపోతాయన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. అయితే ఇరవై గ్రాముల చిట్టెలుక ప్రయోగశాలలో ఎంత భద్రంగా పెంచినా మూడేళ్లకు మించి బతకడం అరుదు. సైబీరియాలో గుర్తు తొడిగి వదిలిన బ్రాంట్ గబ్బిలం ఒకటి, కేవలం ఏడు గ్రాముల ప్రాణి, 41 ఏళ్ల తరవాత సజీవంగా దొరికింది. పై రెండు వివరణల్లో ఏదీ దీనికి సరిపోవడం లేదు. నేటి జీవశాస్త్రం ఏమంటున్నదో తెలిసినవారు వివరించగలరా?

పరిణామ విద్యార్థి (జవాబు):

టీచరు గారూ, జాతి మేలు వాదనను ముందుగా పక్కన పెట్టడమే మంచిది. ఆకలి, చలి, జబ్బు, వేటాడే జంతువులు ఉన్న అడవిలో ముసలితనం దాకా మిగిలేవే తక్కువ కాబట్టి, చోటు ఖాళీ చేయించడానికి వేరే ఏర్పాటు అక్కరలేదు. పైగా జాతి కోసం వేళకు చనిపోయే ప్రాణుల మధ్య, మరో రెండు ఈతల కాలం బతికే ప్రాణి ఒక్కటి పుట్టినా, కొన్ని తరాలు గడిచేసరికి దాని సంతానమే ఎక్కువవుతుంది.

అసలు మలుపు బ్రిటిష్ జీవశాస్త్రవేత్త పీటర్ మెదవార్ 1951లో లండన్‌లో చేసిన ప్రసంగంతో వచ్చింది. ఆయన వాదన ఇది: ముసలితనమే ఎరుగని ప్రాణుల గుంపును ఊహించుకోండి. ప్రమాదాలు మాత్రం ఏ వయసులోనైనా ఒకే తీరుగా వాటిని చంపుతుంటాయి. అయినా పదేళ్లు దాటేవి కొన్నే ఉంటాయి, ఇరవై దాటేవి ఇంకా తక్కువ. రెండో ఏట హాని చేసే జన్యువును ప్రకృతి వరణం వెంటనే ఏరివేస్తుంది కానీ, ఇరవయ్యో ఏట హాని చేసేదానిని దాదాపు పట్టించుకోదు, ఎందుకంటే అది బయటపడేలోపే మోసుకొచ్చిన ప్రాణి పిల్లల్ని కని ఉంటుంది, లేదా మరో కారణంతో చనిపోయి ఉంటుంది. మనుషుల్లో మెదడు కణాలు క్రమంగా నశించే వంశపారంపర్య జబ్బు, హంటింగ్టన్ వ్యాధి, ఇందుకు చక్కని ఉదాహరణ: లక్షణాలు సాధారణంగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య మొదలవుతాయి, అప్పటికే ఆ జన్యువు పిల్లలకు చేరిపోయి ఉండవచ్చు.

అమెరికన్ జీవశాస్త్రవేత్త జార్జ్ విలియమ్స్ 1957లో మరో అడుగు ముందుకు వేశాడు. యవ్వనంలో లాభం, వయసు మళ్లాక నష్టం కలిగించే జన్యువును ప్రకృతి వరణం ఉపేక్షించడమే కాదు, ప్రోత్సహిస్తుంది. ఎముకల్లో సున్నం త్వరగా చేరేలా చేసే జన్యువే తరవాత రక్తనాళాలను గట్టిపరుస్తుందనుకోండి, అన్నది ఆయన ఊహించిన ఉదాహరణ. నాకు ఈ సిద్ధాంతమే అన్నిటికంటే బలమైనదిగా కనిపిస్తుంది.

మీ గబ్బిలానికి జవాబు ఇక్కడే ఉంది. రాత్రి ఎగురుతూ, పగలు గుహల్లో దాగి, శత్రువులను తప్పించుకోగల ప్రాణికి పదిహేనో ఏడు కూడా పిల్లల్ని కనే ఏడే, కాబట్టి ఆ వయసులో శరీరాన్ని కాపాడే జన్యువులకు విలువ ఉంటుంది. స్టీవెన్ ఆస్టాడ్ అమెరికాలోని జార్జియా తీరాన ఉన్న సపేలో దీవిలో ఒపోసమ్‌లను (పిల్లల్ని సంచిలో మోసే, పిల్లి అంత జంతువులను) పరిశీలించి 1993లో ప్రచురించిన ఫలితాలు చూడండి. వేటాడే క్షీరదాలు లేని ఆ దీవిలో అవి ప్రధాన భూభాగపు ఒపోసమ్‌ల కంటే నెమ్మదిగా ముసలివయ్యాయి, ఒక్కో ఈతలో తక్కువ పిల్లల్ని పెట్టాయి.

కణశాస్త్రం (జవాబు):

పైన చెప్పినది ఎందుకు అన్నదానికి జవాబు. శరీరంలో ఏమి చెడుతున్నది అన్నది వేరే ప్రశ్న, ఈ రెండింటినీ కలిపేయడం వల్లే తరగతిలో గందరగోళం వస్తుంది. డెన్‌హామ్ హార్మన్ 1956లో ఫ్రీ రాడికల్స్ (శరీరంలో పుట్టే, చురుగ్గా రసాయన చర్య జరిపే అణువులు) కణాలను దెబ్బతీస్తాయని ప్రతిపాదించాడు. వాటిని అడ్డుకునే యాంటీ ఆక్సిడెంట్ మాత్రల వ్యాపారం ఈ ఆలోచన మీదే పెరిగింది, కానీ ఆధారాలు నిరాశపరిచాయి. ఫిన్లండ్‌లో పొగతాగేవారికి ఏళ్ల తరబడి బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా పెరిగిందని 1994లో తేలింది. ముప్పయ్యేళ్లకు పైగా బతికే నేకెడ్ మోల్ రాట్ (నేలలో బొరియల్లో ఉండే, వెంట్రుకలు దాదాపు లేని చిన్న జంతువు) కణాల్లో చిన్న వయసు నుంచే ఈ రకపు నష్టం ఎక్కువగా కనిపిస్తుంది. మనిషి కణాలు సుమారు యాభై విభజనల తరవాత ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ చూపించారు, విభజన జరిగినప్పుడల్లా క్రోమోజోముల చివర ఉండే టెలోమియర్లు కురచబడటం అందుకు కారణం. అయితే ప్రయోగశాల ఎలుకల టెలోమియర్లు మనవాటికంటే చాలా పొడవు, వాటి ఆయుష్షేమో మూడేళ్లు. కాబట్టి ఒకే ఒక్క గడియారం కోసం వెతకవద్దని నా మనవి.

ఈ రెండు ప్రశ్నలనూ కలిపే వంతెన థామస్ కిర్క్‌వుడ్ 1977లో వేశాడు. ప్రాణికి దొరికే ఆహారం పరిమితం కనుక, శరీరపు మరమ్మతుకు ఖర్చు చేసినది సంతానానికి మిగలదు. ఎలాగూ ఏడాదిలోపు పిల్లికో గుడ్లగూబకో చిక్కే ఎలుక, పదేళ్లకు సరిపడే మరమ్మతు చేసుకోవడం దండగ.

నీలికలువ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అలాగైతే ప్రమాదం ఎక్కువగా ఉన్నచోట పెరిగిన ప్రాణులు ఎప్పుడూ త్వరగానే ముసలివి కావాలి కదా? దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఏదైనా ఉందా?

పరిణామ విద్యార్థి:

ఉంది, దానిని పిల్లలకు తప్పక చెప్పండి. డేవిడ్ రెజ్నిక్ బృందం ట్రినిడాడ్ సెలయేళ్ల గప్పీ చేపలను ప్రయోగశాలలో పెంచి 2004లో ఫలితాలు ప్రకటించింది. పెద్ద చేపల బెడద ఎక్కువగా ఉన్న చోటి గప్పీల సంతానమే ఎక్కువ కాలం బతికింది, ఎక్కువ కాలం పిల్లల్ని పెట్టింది. నీళ్లలో ఈదే చురుకుదనం మాత్రం వాటిలోనే త్వరగా తగ్గింది. ఎంత ప్రమాదం అన్నది ఒక్కటే చాలదు, అది ఎవరిని చంపుతున్నది, మిగిలినవాటికి తిండి ఎంత దొరుకుతున్నది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి.

కణశాస్త్రం:

విలియమ్స్ వాదనకు ప్రయోగశాల సాక్ష్యం ఒకటి జోడిస్తాను. సింథియా కెన్యన్ బృందం 1993లో, మిల్లీమీటరు పొడవుండే ఒక నులిపురుగులో డాఫ్-2 అనే ఒక్క జన్యువు మారితే ఆయుష్షు రెట్టింపవుతుందని చూపించింది. తరవాత ఆ దీర్ఘాయువులను మామూలు పురుగులతో కలిపి పెంచితే, కొద్ది తరాల్లోనే మామూలువి వాటిని పూర్తిగా తొలగించేశాయి, ఎందుకంటే దీర్ఘాయువులు యవ్వనంలో సంతానాన్ని ఇవ్వడంలో వెనుకబడ్డాయి.