ఏడాది కింది పెట్రోలు ట్యాంకిలనే ఉంది: కలిపి నడపాల్నా, మొత్తం తియ్యాల్నా?

హసన్‌పర్తి_బండి:
తమ్ముడు గల్ఫ్ పోయినంక బండి రేకుల షెడ్డుల నిలవడ్డది. 2018 స్ప్లెండర్, కార్బొరేటర్‌ది (పెట్రోలును గాలిల కలిపి ఇంజన్‌కు ఇచ్చేది). ట్యాంకి సగం ఉంది. కిక్కు కొడితే ఒక్కసారి అందుకొని ఆగిపోతది. మూత తీస్తే వార్నిష్ వాసన. కొత్తది కలుపుమని కొందరు, తీసెయ్యిమని కొందరు అంటున్నరు. ఏది నిజం?

కాజీపేట_రైడర్:
రెండు లీటర్లు కొత్తది పొయ్యి, చోక్ గుంజి కిక్కు కొట్టు. ఏడాదికి పెట్రోలు నీళ్లయిపోదు తమ్మీ.

ములుగురోడ్డు_షెడ్డు:
అన్నా, ట్యాంకి సంగతి తర్వాత, ముందు కార్బొరేటర్ కప్పు, అంటె దాని కింద పెట్రోలు నిలిచే చిన్న గిన్నె, చూడాలె. దాంట్ల ఉండేది కొంచెమే, గాలి తగులుతనే ఉంటది. రెండు మూడు నెలల ఎండకే తేలికది ఆవిరైపోయి జిగురు మిగులుతది. ఆ జిగురు పోయి స్లో జెట్ల, అంటె బండి నిలకడ మీద నడిచేటప్పుడు పెట్రోలు పోయే సన్న గొట్టంల, కూసుంటది. దాని రంధ్రం సూది మొన కంటె సన్నం. పైన ఎంత కొత్తది పోసినా కింద దారి మూసుకుంటే బండి ఎట్ల నడుస్తది? చోక్ మీద అందుకొని, చోక్ తీయంగనే ఆగిందంటే జెట్ మూసుకున్నట్టే.

కాజీపేట_రైడర్:
కొత్త పెట్రోలే జిగురును కరిగిస్తది.

ములుగురోడ్డు_షెడ్డు:
పల్చటి మరకైతే కరుగుతది, గట్టిపడ్డది కరగదు. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి, నానబెట్టి, గాలి పట్టాలె. తీగ పెట్టి పొడవొద్దు, రంధ్రం పెద్దగైతే మైలేజీ పోతది, జెట్ మార్చుడే.

ఎన్ఐటీ_గేటు:
మీరిద్దరూ నీటి సంగతి వదిలేశారు. ఇప్పుడు దొరికే పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది తేమను లాక్కుంటుంది. ఈ10 (నూటికి పది వంతులు ఇథనాల్ ఉన్నది) అయితే లీటరుకు సుమారు ఐదు మిల్లీలీటర్ల నీటిని తనలో ఉంచుకోగలదు. ఈ20 (ఇరవై వంతులు ఉన్నది) ఇంకొంత ఎక్కువే. ఆ హద్దు దాటితే, లేదా చలికాలం రాత్రి బాగా చల్లబడితే, ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. పైన మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్, అంటే సమయానికి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, తగ్గుతుంది, ఇంజన్ కొట్టుకుంటుంది. మూత రబ్బరు ఎండిపోయి వాన నీళ్లు దిగిన బండ్లలో, వరదలో మునిగిన బండ్లలో ఇది తప్పదు. ఒకసారి పొరలు విడిపోయాక కొత్త పెట్రోలు పోసినంత మాత్రాన నమ్మకంగా కలవవు. అందుకే కలపాలా వద్దా అన్నది నెలలు లెక్కబెట్టి తేల్చేది కాదు, సీసాలో చూసి తేల్చాలి.

హసన్‌పర్తి_బండి:
ఎట్ల చూడాలె సార్?

ఎన్ఐటీ_గేటు:
కాక్ (ట్యాంకు కింద పెట్రోలు తిప్పే కుళాయి) ఆఫ్‌లో పెట్టి, కార్బొరేటర్‌కు పోయే పైపు లాగి, దాని కింద తెల్ల గాజు సీసా పెట్టండి. తర్వాత కాక్‌ను రిజర్వ్‌కు తిప్పి పట్టండి. ఆన్‌లో పడితే పైది మాత్రమే వస్తుంది, అడుగున ఉన్న చెడ్డ పొర ట్యాంకులోనే ఉండిపోతుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. సీసా కదలకుండా ఒక గంట ఉంచండి. కింద వేరే పొర కనబడినా, మసకగా ఉన్నా ఆ పెట్రోలు పనికిరాదు.

కరీంనగర్_2015:
చెత్త కాల్చేటప్పుడు పోస్తే అయిపోతది గదా.

ములుగురోడ్డు_షెడ్డు:
వద్దు. ఆవిరి గాలి కంటె బరువు, నేల మీద పాకి దూరంల ఉన్న నిప్పును అందుకుంటది. మోరీల పొయ్యొద్దు, బాయి పక్కన భూమిల పొయ్యొద్దు. పాత ఇంజనాయిల్ డ్రమ్ముల కూడ కలపొద్దు, ఆ డ్రమ్మే అంటుకునేటట్టయితది.

కాజీపేట_రైడర్:
మరి షెడ్డులు ఏం చేస్తయి? ఒక షెడ్డుల నా బండి పెట్రోలు ఐదు లీటర్లు తీసిన్రు. ఖరాబైందన్నరు, ఒక్క చుక్క చూపెట్టలే. దానికి పైసలు వేరే. "మొత్తం తియ్యాలె" అనే మాటల సగం వ్యాపారమే.

ములుగురోడ్డు_షెడ్డు:
ఒకడు చేసిన పనికి అందరినీ దొంగలు చేస్తున్నవ్. ట్యాంకి దించి, కాక్ జాలి కడిగి, కార్బొరేటర్ విప్పి బిగించేది ఒక పూట పని. పైసలు దానికి, పెట్రోలుకు కాదు.

కాజీపేట_రైడర్:
పనికి పైసలియ్యనని ఎవడన్నడు? నా కండ్ల ముందట తియ్యాలె, సీసల చూపెట్టాలె, మంచిదైతే నాకు తిరిగియ్యాలె. నా కొట్లాట దీని గురించే.

ఎన్ఐటీ_గేటు:
అది న్యాయమైన మాట. అయితే మీరు మొదట చెప్పిన సలహా వేరు, ఇది వేరు.

ములుగురోడ్డు_షెడ్డు:
చూపెట్టాలె, ఒప్పుకుంట. హసన్‌పర్తి అన్నా, నువ్వు గిట్ల చెయ్యి. బ్యాటరీ తీగలు తీసి, బయట గాలిల, నిప్పు లేని కాడ, ఇనుప క్యాన్‌లకు మొత్తం దింపు. నీళ్ల సీసాల పొయ్యొద్దు, పిల్లలు తాగుతరు. కాక్ కింది కప్పు విప్పి జాలి చూడు. ఎర్ర పొడి కనబడితే ట్యాంకి లోపల తుప్పు పట్టినట్టు. కార్బొరేటర్ కప్పు కింది స్క్రూ వదులు చేసి దాంట్లది కూడ తియ్యి. జెట్లు కడిగినంక రెండు లీటర్లు కొత్తది పొయ్యి, ప్లగ్గు తుడిచి కొట్టు. తీసినది ఒక్కటే పొరగ ఉంటే, లీటరుకు నాలుగైదు లీటర్ల కొత్తది కలిపి పాత కార్బొరేటర్ బండ్లల్ల వాడుకోవచ్చు. వార్నిష్ వాసన గట్టిగుంటే నేనైతే అది కూడ వాడ. పొరలు విడిపోయింది మూత బిగించి, పాత ఆయిల్‌ను లైసెన్సున్న రీసైక్లర్‌కు పంపే షెడ్డును అడిగి, వేరే క్యాన్‌ల ఇయ్యి.

స్టేషన్‌_ఘన్‌పూర్:
బీఎస్6 (కొత్త పొగ రూల్‌ది) స్కూటీకి కూడ ఇదేనా?

ములుగురోడ్డు_షెడ్డు:
కాదు. దానికి కార్బొరేటర్ ఉండది, పెట్రోలును ఇంజెక్టర్ చిమ్ముతది; పంపు ట్యాంకి లోపల అడుగున ఉంటది, పాడైన పొరనే ముందు గుంజుతది. మాటిమాటికి సెల్ఫ్ కొట్టొద్దు, పంపు, ఇంజెక్టర్ రెండూ పోతయి. పైపుల ఒత్తిడి ఉంటది, ఊకెనే లాగితే మొఖం మీద చిమ్ముతది. అది షెడ్డుకు తోలుడే.

కాజీపేట_రైడర్:
తోలు, కానీ పక్కనే నిలబడి తీపియ్యి.