‘సరదాకే అన్నాను’ ఎంతవరకు చెల్లుతుంది? ఆఫీసు గ్రూపు నియమాలకి సలహా కావాలి

గోడగడియారం:

38 మంది ఉన్న టీమ్. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అన్ని వైపుల వాళ్ళూ ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో పనికంటే పరాచికాలే ఎక్కువ. ఒకరి యాస, ఒకరి బట్టతల, ఒకరికి ఇంకా పిల్లలు పుట్టకపోవడం, ఏదైనా జోకే. ఎవరైనా ముఖం మాడ్చుకుంటే ‘సరదాకే అన్నాను, దీనిక్కూడా ఫీలైతే ఎలా’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

గ్రూపుకి ఒక పేజీ నియమాలు రాయాలి. ‘ఎవరినీ నొప్పించవద్దు’ అని రాస్తే గోడమీద సూక్తిలా ఉండిపోతుంది తప్ప ఎవరికీ ఏమీ అర్థం కాదు. అలాగని నవ్వే మానేయమనడం నా ఉద్దేశం కాదు. గీత ఎక్కడ గీయాలి? మాట పడ్డవాళ్ళు అక్కడికక్కడ ఏమనాలి? చట్టం ఎక్కడ మొదలవుతుంది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

వరసకలిపేవాడు:

గీత మన మాటల్లోనే ఉంది. మేలమాడుకున్నారు, పరాచికాలాడుకున్నారు, సరసమాడుకున్నారు: ఈ మాటలకి ఇద్దరు కావాలి, ‘ఆడుకోవడం’ వాటిలోనే ఉంది. హేళన చేశాడు, గేలి చేశాడు, ఎద్దేవా చేశాడు: వీటిలో చేసేవాడొకడు, పడేవాడొకడు. ‘హేళనాడుకున్నారు’ అని ఎవరూ అనరు. మీ గ్రూపులో జరిగేదాన్ని ఏ క్రియతో చెప్పగలరో ఒకసారి చెప్పి చూడండి, సగం తేలిపోతుంది.

రెండోది వరస. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త 1940లో వేళాకోళపు సంబంధాల మీద ఒక వ్యాసం రాశాడు. కొన్ని బంధుత్వాల్లో ఆటపట్టించే హక్కు ఆచారమే ఇస్తుంది, పడ్డవాళ్ళు కోపగించుకోకూడదన్న షరతూ ఆచారమే పెడుతుంది అంటాడు. మనకిది కొత్తగా చెప్పక్కర్లేదు. బావకీ బావమరిదికీ, వదినకీ మరదలికీ, తాతకీ మనవరాలికీ చెల్లుతుంది. మామగారికీ కోడలికీ చెల్లదు. అత్తగారు అల్లుడి ఎదుటకి రావడానికే మొహమాటపడే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

పెళ్ళిళ్ళలో వియ్యాలవారిని ఆడిపోసుకునే పాటలున్నాయి కదా, అవి చెడకుండా ఎలా నడుస్తాయో చూడండి. అటువాళ్ళూ పాడతారు, ఇటువాళ్ళూ పాడతారు. భోజనాల బంతి దగ్గర మొదలైతే బంతి లేచేసరికి అయిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, చెప్పేది పచ్చి అబద్ధమని అందరికీ తెలిసేంత పెద్దదిగా ఉంటుంది. వియ్యపురాలు గంగాళం పాయసం ఒక్క గుక్కలో తాగేసిందంటే నవ్వుతారు. అదే ఆవిడకి నిజంగా ఉన్న జబ్బు గురించో, కట్నం బాకీ గురించో ఒక్క మాట దొర్లిందంటే పాట అక్కడే ఆగిపోతుంది, పెద్దమనుషులు లేచి వస్తారు. వేళాకోళానికి అబద్ధమే రక్ష. నిజం చెప్పి నవ్వమంటే అది దెప్పిపొడుపు.

ఆఫీసులో ఈ మూడూ ఉండవు. మేనేజరు మీకు బావ వరస కాడు, తిరిగి అనలేరు. గ్రూపుకి బంతి లేవడమంటూ లేదు, రాత్రి పదకొండింటికీ మోగుతుంది. పిల్లలు లేకపోవడం అబద్ధమూ కాదు.

కోనసీమ_ఆయ్:

ఆయ్, నియమాలు రాసుకోండి గానీ వెటకారాన్ని మటుకు నేరాల జాబితాలో కలిపేయకండి. అది తీసేస్తే గ్రూపులో మిగిలేది గుడ్ మార్నింగ్ పువ్వులే.

అసలు వెటకారం పనిచేసే తీరు వేరండి. పైకి మర్యాద, లోపల చురక. తగిలేది మనిషి పుట్టుకకి కాదు, ఆ పూట చేసిన పనికి. గంట ఆలస్యంగా మీటింగుకొచ్చినాయన్ని ‘తమరు రేపటి మీటింగుకి పెందలాడే వచ్చేశారండీ’ అన్నారనుకోండి. ఆయనకి జవాబు చెప్పే చోటుంది: ‘ఇవాల్టిదానికి మీరున్నారు కదాని ధైర్యమండి’. రేపు టైముకొస్తే ఆ చురక పోద్ది కూడా. అదే ‘మీ ఒంటికి లిఫ్టు సరిపోలేదేటి’ అన్నారనుకోండి, దానికి జవాబు లేదు, రేపటికి మార్చుకునేదీ లేదు. అది వెటకారం కాదు, నోటిదూల. మా ఖాతాలో రాయకండి.

చెడేది రెండు చోట్ల. ఒకటి, రాతలో. మాట సాగదీయడం, పెదవి చివర నవ్వు, ఇవేవీ టైపులో రావు. ‘తమరు’ అన్న మాట మావాళ్ళకి ఆట, కర్నూలాయన చదువుకుంటే తిట్టు. అంచేత ఎదురుగా మీతో వెటకారమాడేవాళ్ళతోనే గ్రూపులో ఆడండి, మిగతావాళ్ళతో వద్దు. రెండోది, లెక్క. ఒకే మనిషి మీద ఒకే మాట ఒకసారి చురక, రెండోసారి పాచి, మూడోసారికి పేరైపోద్ది. ‘లేటు సుబ్బారావు’ అని పడిపోయాక ఆయన ఏడాదంతా ముందే వచ్చినా ఆ పేరు పోదు.

మానేరు_నీళ్ళు:

అన్న మంచిగనే చెప్పిండు. గానీ యాస ముచ్చట ఎవ్వరు ఎత్తలే.

తెలుగు సినిమాలల్ల శానా ఏండ్లు తెలంగాణ మాటను రౌడీకో, నవ్విచ్చేటోనికో పెట్టిన్రు. ఉద్యమం నాడు దీని మీద గట్టిగనే కొట్లాట అయింది. ఉత్తరాంధ్ర మాటకు కూడ గదే గతి పట్టింది. గందుకే ఒకరు యాసను వెక్కిరిస్తే అది గా ఒక్క మాటతోని ఆగది, ఎనుకట ఉన్నదంత గుర్తుకొస్తది.

పరీక్ష సులువు. జోకుల నుంచి యాస తీసేసి మామూలు తెలుగుల రాయుండ్రి. ఇంక నవ్వొస్తే జోకు మంచిదే. ఏం మిగలకపోతే మీరు నవ్వింది ఆ మనిషి ఊరును చూసి. ఇంకోటి, ఎవరన్న మాట్లాడినంక అదే వాక్యం వాళ్ళ తీరుగ తిప్పి అనుడు, వాయిస్ మెసేజ్‌ల నకలు చేసుడు, ఇవి పేరు పెట్టి నియమంల రాయాలె. ‘మీ తెలుగు క్యూటుగ ఉంటది’ అనుడు కూడ. మెచ్చుకున్నట్టే ఉంటది, గానీ మాట్లాడిన ముచ్చట పక్కకు పోయి మాట తీరే మిగుల్తది.

లీడ్స్_చలి:

ఇంగ్లండులో ‘బాంటర్’ (మన ‘పరాచికం’ లాంటిది) అన్న ఒక్క మాట ఒక పెద్ద క్రికెట్ క్లబ్బుని ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో చూస్తే నియమాలు రాసేవాళ్ళకి పనికొస్తుంది.

యార్క్‌షైర్ తరఫున ఆడిన స్పిన్నర్ అజీమ్ రఫీక్ 2020లో జాతివివక్ష ఆరోపణలు బయటపెట్టాడు. 43 ఆరోపణల్లో 7 నిజమని విచారణ తేల్చింది. అయితే పాకిస్తానీ మూలాల వాళ్ళని తిట్టే మాటని ఒక తోటి ఆటగాడు పదే పదే వాడటాన్ని స్నేహితుల మధ్య బాంటర్‌గా లెక్కగట్టినట్టు 2021లో బయటికొచ్చింది. ఎవరిమీదా చర్య ఉండదని క్లబ్బు అప్పటికే ప్రకటించింది. తర్వాత స్పాన్సర్లు వెళ్ళిపోయారు, నవంబరులో అంతర్జాతీయ మ్యాచ్‌లు పెట్టుకునే హక్కుని బోర్డు నిలిపేసింది, రఫీక్ పార్లమెంటు కమిటీ ముందు మాట్లాడాడు. 2023లో క్లబ్బుకి 48 ఛాంపియన్‌షిప్ పాయింట్ల కోత, 4 లక్షల పౌండ్ల జరిమానా పడ్డాయి (అందులో 3 లక్షలు సస్పెండ్ చేశారు). అదే 2021 నవంబరులో రఫీక్ కూడా పదేళ్ళ కిందటి తన యూదు వ్యతిరేక మెసేజ్‌లకి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. పాత చాట్లు ఎక్కడికీ పోవు.

విచారణ తప్పటడుగు వేసిన చోటు ఇది: ‘వాళ్ళిద్దరూ స్నేహితులే కదా’ అని సంబంధాన్ని చూసింది, మాటని చూడలేదు. జట్టులో చోటు కావాలనుకునే కుర్రాడు నవ్వకుండా ఎలా ఉంటాడు? నవ్వడం ఒప్పుకోలు కాదు. మీ నియమాల్లో ‘ఆయనా నవ్వాడు కదా’ అన్న వాదన చెల్లదని రాయండి.

బట్టతల సంగతి కూడా. 2022లో ఇక్కడ ఒక ఎంప్లాయ్‌మెంట్ ట్రైబ్యునల్, బట్టతలని పట్టుకుని తిట్టడాన్ని లింగ సంబంధ వేధింపుగా లెక్కించింది. అది ఎక్కువగా మగవాళ్ళకే ఉంటుంది కాబట్టి అన్నది తర్కం. మరుసటేడు అప్పీలులోనూ నిలిచింది. అయితే ఇది ఇక్కడి చట్టం, మీకు వర్తించదు.

సెక్షన్_సారం:

మన దగ్గర పరిస్థితి ఇది. నవ్వులాట మొత్తానికి కలిపి ఒక చట్టం లేదు, దేని గురించి అన్నారన్నదాన్ని బట్టి మారుతుంది.

లైంగిక ధ్వని ఉన్న వ్యాఖ్య అయితే, పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టం. అందులో కీలకమైన మాట ‘ఇష్టంలేని’ ప్రవర్తన. అన్నవాడి ఉద్దేశం ఏమిటని నిర్వచనం అడగదు. కాబట్టి ‘సరదాకే’ అన్నది ఇక్కడ దాదాపు పనిచేయదు. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట అంతర్గత కమిటీ ఉండాలి. చివరి సంఘటన జరిగిన 3 నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదివ్వాలి, కమిటీ కారణాలు రాసి ఇంకో 3 నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి.

కులం పేరుతో ఎస్సీ, ఎస్టీలని అందరి కంటబడే చోట అవమానిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం, సెక్షన్ 3(1). వైకల్యాన్ని పట్టుకుని అలాగే అవమానిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 92. రెండింటిలోనూ శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్ళు, జరిమానా కూడా. అవమానించాలన్న ఉద్దేశం ఉందని ఇక్కడ చూపాలి, అందుకే ఒక్క మెసేజ్ కంటే వరసగా వచ్చిన మెసేజ్‌లు బలమైన ఆధారం.

కాలేజీ అయితే యూజీసీ 2009 ర్యాగింగ్ నిబంధనలు. 2016 సవరణ రంగు, ప్రాంతం, భాష, రూపం, ఆర్థిక నేపథ్యం మీద చేసే వేధింపుని పేరు పెట్టి చేర్చింది. మానేరు_నీళ్ళు చెప్పిన యాస సంగతి అక్కడ నేరుగా వస్తుంది. ఆఫీసులో మాత్రం యాసకి, మామూలు బట్టతలకి, పిల్లలు లేకపోవడానికి విడిగా చట్టం దొరకదు. అక్కడ దిక్కు మీరు రాసే పేజీయే, కాబట్టి అది గట్టిగా ఉండాలి.

ఆధారాలు: మెసేజ్ పంపినవాళ్ళు రెండు రోజుల పైచిలుకు దాకా అందరి ఫోన్లలోంచీ దాన్ని చెరిపేయగలరు. అందుకే ముందు స్క్రీన్‌షాట్, అందులో తేదీ, నంబరు, పైన కింద ఉన్న రెండు మూడు మెసేజ్‌లు కనబడాలి. తర్వాత గ్రూపు మెనూలోంచి చాట్ ఎక్స్‌పోర్ట్. కోర్టుదాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ కావాలి, కాబట్టి అసలు ఫోన్ మార్చేయకండి, ఫార్మాట్ చేయకండి. గ్రూపు అడ్మిన్‌ని సభ్యుడి మెసేజ్‌కి బాధ్యుణ్ణి చేయలేమని బొంబాయి (2021), కేరళ (2022) హైకోర్టులు చెప్పాయి. అయినా ‘డిలీట్’ మీ చేతిలో ఉంది, ముందు భద్రపరిచి తర్వాత తీసేయండి.

వరసకలిపేవాడు:

రెండో ప్రశ్న మిగిలిపోయింది, అక్కడికక్కడ ఏమనాలని. నవ్వేయకండి, అరవకండి. మొదట ‘అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి’ అనండి. జోకుని విడమరచి చెప్పమంటే తొంభై పాళ్ళు అక్కడే చస్తుంది. మళ్ళీ అంటే ‘ఈ మాట ఇకమీద అనకండి’ అనండి, కారణం చెప్పొద్దు. కారణం చెప్పారా, వాదన కారణం మీదికి పోతుంది. అదే రోజు విడిగా ఒక మెసేజ్ పెడితే తేదీతో సహా మిగులుతుంది. చూస్తూ ఉన్నవాళ్ళు నవ్వు గుర్తులు పెట్టకుండా ఉంటే చాలు, సగం మందు అదే.

అన్నవాళ్ళకి: ‘బాధపడి ఉంటే సారీ’ క్షమాపణ కాదు, తప్పంతా పడ్డవాడి మనసు మీదికి నెట్టడం. ‘నేనన్న ఫలానా మాట తప్పు, ఇక అనను’, అంతే. గ్రూపులో అన్నది గ్రూపులోనే వెనక్కి తీసుకోవాలి, అందరిలో తిట్టి చాటుగా కాళ్ళు పట్టుకుంటే లెక్కలోకి రాదు.

గోడగడియారం:

చాలా ఉపయోగపడింది. చిత్తుప్రతి పెడుతున్నాను, చూసి దిద్దండి.

‘చేసిన పని మీద జోకు వేయవచ్చు. ఒళ్ళు, రంగు, కులం, మతం, యాస, పెళ్ళి, పిల్లలు, జబ్బు, జీతం మీద వేయకూడదు. మీకంటే కింది హోదాలో ఉన్నవారి మీద గ్రూపులో జోకు వద్దు, మీ మీద మీరు వేసుకోండి. ఒకరు వద్దన్నాక అదే మాట ఎవరు ఎత్తినా తప్పే. “సరదాకే”, “ఆయనా నవ్వాడు” అన్నవి సమాధానాలు కావు. మొదటిసారి విడిగా హెచ్చరిక, రెండోసారి నెల రోజులు గ్రూపు బయట, మూడోసారి హెచ్చార్. లైంగిక వ్యాఖ్యలకి ఈ మెట్లు వర్తించవు, బాధితురాలు నేరుగా కమిటీకి వెళ్ళవచ్చు.’

కోనసీమ_ఆయ్:

బాగుందండి. ‘కింది హోదాలో’ దగ్గర ‘కొత్తగా చేరినవారి మీద కూడా’ అని తగిలించండి, మొదటి నెలలోనే పేర్లు పడిపోయేది వాళ్ళకే. ఇక తమరు ఈ పేజీని పీడీఎఫ్ చేసి గ్రూపులో పడేసి ఊరుకోకండి, ఎవరూ తెరవరు. గ్రూపు వివరణలో అతికించండి.