గ్రీన్ కార్డుపై ఉన్న తల్లిదండ్రులకు మెడికేర్: అక్టోబరుతో ఐదేళ్లు నిండుతాయి, ఏం చేయాలి?

గట్టుమీదిల్లు (ప్రశ్న), ఆగస్టు 2025

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి 71 ఏళ్లు, అమ్మకు 67. ఇద్దరికీ 2020 అక్టోబరులో గ్రీన్ కార్డులు వచ్చాయి, అప్పటినుంచి అమెరికాలో మా ఇంట్లోనే ఉంటున్నారు. ఇప్పటివరకు మార్కెట్‌ప్లేస్ ప్లాన్‌తో, అంటే ప్రభుత్వ బీమా విపణిలో సొంతంగా కొనుక్కునే ప్రైవేటు బీమాతో నెట్టుకొస్తున్నాము. నాన్నగారికి మధుమేహం ఉంది, రెండేళ్ల క్రితం గుండెకు స్టెంటు కూడా వేశారు, అందువల్ల బీమా లేకుండా ఒక్క నెల గడిచినా మాకు భయమే.

ఐదేళ్లు నిండితే మెడికేర్‌కు, అంటే 65 దాటినవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాకు అర్హత వస్తుందని విన్నాను. కానీ ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. నేను పద్దెనిమిదేళ్లుగా ప్రతి జీతంలోనూ మెడికేర్ పన్ను కడుతున్నాను కనుక అమ్మానాన్నలకు ఉచితంగానే వస్తుందని ఆఫీసులో ఒకరు అన్నారు. నాన్నగారికి 65 దాటి ఆరేళ్లయింది కాబట్టి ఆ ఆరేళ్లకూ పెనాల్టీ పడుతుందని మరొకరు బెదిరించారు. ఒక బీమా బ్రోకరు మాత్రం ప్రీమియమే లేని అడ్వాంటేజ్ ప్లాన్ (మెడికేర్ సేవలను ప్రైవేటు కంపెనీ ద్వారా ఇచ్చే పథకం) ఇప్పిస్తానని, సంతకం పెడితే చాలునని రోజూ ఫోన్ చేస్తున్నారు. మరి ఇందులో ఏది నిజం? మధ్యలో వారు మూడుసార్లు ఇండియా వెళ్లివచ్చారు, అందులో ఒకసారి మా నానమ్మ కాలం చేసినప్పుడు దాదాపు ఐదు నెలలు అక్కడే ఉండిపోయారు. దానివల్ల ఐదేళ్ల లెక్క తెగిపోతుందా? ఈ దారిలో నడిచినవారు చెబితే రుణపడి ఉంటాను.

పాతలెక్కలు

అమ్మా, నేను ముప్పై ఏళ్లు పన్నుల లెక్కలు చూసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి, ఇలాంటి ప్రశ్నతో మా గుడి మెట్ల మీద నన్ను ఆపిన వారి సంఖ్య తక్కువేమీ కాదు. ముందు మీ ఆఫీసువారి మాట సంగతి చూద్దాం. మీరు కట్టిన పన్ను మీకూ, మీ భర్తకూ పనికివస్తుంది తప్ప మీ తల్లిదండ్రులకు అక్కరకు రాదు. ఆస్పత్రి ఖర్చులు భరించే పార్ట్ ఏ ప్రీమియం లేకుండా రావాలంటే 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల ఉద్యోగం, ఆ మనిషి పేరునో ఆ మనిషి జీవితభాగస్వామి పేరునో ఉండాలి. నాన్నగారు ఇండియాలో ఎన్నేళ్లు ఉద్యోగం చేసినా ఇక్కడ లెక్కకు రాదు, ఎందుకంటే వేరే దేశంలో చేసిన ఉద్యోగాన్ని మెడికేర్ క్రెడిట్ల కింద లెక్కించరు.

క్రెడిట్లు లేవని తలుపు మూసుకుపోదు. 65 దాటి, గ్రీన్ కార్డు ఉండి, ఐదేళ్లు నిరంతరంగా ఇక్కడ నివసించినవారు డబ్బు కట్టి మెడికేర్ కొనుక్కోవచ్చు. 2025లో పార్ట్ ఏ పూర్తి ప్రీమియం నెలకు 518 డాలర్లు, డాక్టర్లు, పరీక్షల ఖర్చులు చూసే పార్ట్ బీ 185 డాలర్లు. మనిషికి 703, ఇద్దరికీ 1,406, ఏడాదికి 16,872 డాలర్లు. భార్యాభర్తలకు ఉమ్మడి కార్డు అంటూ ఉండదు, ఎవరి దరఖాస్తు వారిదే, ఎవరి ప్రీమియం వారిదే. ఈ అంకెలు ప్రతి జనవరిలోనూ మారుతాయి, ఎక్కువసార్లు పైకే పోవడం నేను చూస్తున్నాను.

ఇక పెనాల్టీ. నాన్నగారు 65 దాటిన నాటినుంచి లెక్కవేస్తారన్నది ఉత్త భయం. అర్హతే లేని కాలానికి ఆలస్యరుసుము ఉండదు. వారి నమోదు గడువు ఐదేళ్లు నిండే నెలను నడుమ పెట్టుకుని ఏడు నెలలు ఉంటుంది: ముందు మూడు, ఆ నెల, తరువాత మూడు. అంటే మీకు వచ్చే జనవరి నెలాఖరు వరకు సమయం ఉంది. ఆ గడువు దాటితే మాత్రం, ఆలస్యమైన ప్రతి పన్నెండు నిండు నెలలకు పార్ట్ బీ ప్రీమియం మీద పది శాతం చొప్పున, బీమా ఉన్నంతకాలం కడుతూనే ఉండాలి. పార్ట్ ఏ కొనుక్కునేవారికి పది శాతం పెరుగుతుంది, ఆలస్యం చేసిన ఏళ్లకు రెట్టింపు కాలం అది వెంటాడుతుంది. గడువు తప్పినవారు మళ్లీ జనవరి 1 నుంచి మార్చి 31 మధ్యనే నమోదు చేసుకోవాలి.

ఒక్క మాట. మీ ఆఫీసు బీమా ఉన్నా, మార్కెట్‌ప్లేస్ ప్లాన్ ఉన్నా ఈ పెనాల్టీ తప్పదు. ఆలస్యానికి మినహాయింపు దొరికేది తమ సొంత ఉద్యోగం లేదా భర్తో భార్యో చేస్తున్న ఉద్యోగం ద్వారా వచ్చే బీమాకే గాని, కూతురి ఉద్యోగానికి కాదు.

రెండోబావి

పెద్దాయన లెక్కలు చెప్పారు కాబట్టి నేను కాగితాల సంగతి చెబుతాను. మా అత్తగారికి రెండేళ్ల క్రితం ఇదే పని చేయించాను. ఐదేళ్లు నిండడానికి నెల ముందే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు (ప్రభుత్వ పింఛన్లు చూసే కార్యాలయం) ఫోన్ చేస్తే, నిండిన తరువాతనే రమ్మని అపాయింట్‌మెంట్ రాసుకున్నారు. మెడికేర్ నమోదు చేసేది మెడికేర్‌వాళ్లు కాదు, సోషల్ సెక్యూరిటీ ఆఫీసువాళ్లే. ఇది తెలియక మొదటి వారం రోజులు నేను తప్పు నంబర్ల చుట్టూ తిరిగాను.

కౌంటరులో గ్రీన్ కార్డు, పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్ చూశారు. ఆ తరువాత అడిగింది ఐదేళ్లలో దేశం దాటిన ప్రతి ప్రయాణం తేదీ. పాస్‌పోర్టు ముద్రలు ఒకదాని మీద ఒకటి పడి అలికినట్టున్నాయి, గ్రీన్ కార్డు చూపించి ఇక్కడికి తిరిగివచ్చినప్పుడు కొన్నిసార్లు ముద్రే వేయలేదు. కౌంటరులోని అమ్మాయి పేజీలు తిప్పి తిప్పి తలెత్తి చూసేసరికి, మా అత్తగారు చేతిసంచిలోంచి ఇండియానుంచి ఏటా తెప్పించుకునే గోడ క్యాలెండరు కాగితాలు తీశారు. వెళ్లిన రోజు గడిలో నీలి పెన్నుతో విమానం బొమ్మ, వచ్చిన రోజు గడిలో ఇంటి బొమ్మ. ఎప్పటిదో అలవాటట, మాకెవరికీ తెలియదు. ఆ తేదీలను విమాన టికెట్ల ఈమెయిళ్లతో సరిచూపించాము. పని అయిపోయింది.

మీ ఐదు నెలల ప్రయాణం గురించి: ఇండియా వెళ్లివచ్చినంత మాత్రాన నివాసం తెగదు, తిరిగివచ్చే ఉద్దేశంతో వెళ్లారా, ఇల్లు ఇక్కడే ఉందా అన్నది చూస్తారు. మా పరిచయస్తుల్లో ఒకరు ఏడాదికి పైగా అక్కడే ఉండిపోతే మాత్రం లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. మీరు ఇప్పుడే కూర్చుని మూడు ప్రయాణాలకూ వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ, కారణం ఒక తెల్లకాగితం మీద రాసిపెట్టుకోండి. నానమ్మగారి మరణధ్రువీకరణ పత్రం నకలు కూడా జతచేయండి. అడగకపోతే మంచిదే, అడిగితే చేతిలో ఉంటుంది.

ముక్కుసూటి

పై ఇద్దరి మాటలూ సరైనవే గాని, అందరూ ఏ, బీ రెండూ కొనేయాల్సిందే అన్న ధోరణితో నాకు పేచీ ఉంది. అసలు నిర్ణయం తీసుకోవలసింది ఇక్కడే.

పార్ట్ ఏకు డబ్బు కట్టవలసివచ్చే వారు, మెడికేర్‌లో చేరకుండా మార్కెట్‌ప్లేస్ ప్లాన్‌లోనే కొనసాగే వీలుంది, అర్హత ఉంటే ప్రీమియం మీద ప్రభుత్వం ఇచ్చే రాయితీ కూడా ఆగదు. ఉచితంగా పార్ట్ ఏ వచ్చేవారికి ఈ వెసులుబాటు లేదు. అయితే రాయితీ ఎవరి ఆదాయం మీద లెక్కిస్తారన్నది చూసుకోవాలి. మీరు పన్ను రిటర్నులో అమ్మానాన్నలను డిపెండెంట్లుగా చూపిస్తున్నట్టయితే మీ ఇంటి మొత్తం ఆదాయం లెక్కకు వస్తుంది, అప్పుడు రాయితీ పేరుకు మిగులుతుందేమో. మార్కెట్‌ప్లేస్‌లో ఇద్దరికీ పూర్తి ప్రీమియం, దాని డిడక్టిబుల్ (బీమా కట్టడం మొదలుపెట్టేముందు మనమే భరించే మొత్తం) కలిపి ఒక పక్కన, 16,872 ఇంకో పక్కన పెట్టి చూడండి. ఇప్పుడు వదిలేసి ఐదేళ్ల తరువాత మెడికేర్‌కు వస్తామంటే పెనాల్టీ ఉంటుందన్నది మరచిపోవద్దు.

పార్ట్ బీ ఒక్కటే కొనుక్కుని తృప్తిపడే కుటుంబాలు కూడా నాకు తెలుసు. చట్టం అందుకు ఒప్పుకుంటుంది, పార్ట్ ఏ కొనాలంటే బీ ఉండాలి గాని, బీ కొనడానికి ఏ అవసరం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లడం, పరీక్షలు వంటి వాటికి ఏడాదిలో మొదటి 257 డాలర్లు (2025 లెక్క) మనం పెట్టుకున్న తరువాత, మెడికేర్ ఒప్పుకున్న ధరలో 80 శాతం అది భరిస్తుంది. కానీ స్టెంటు ఉన్న మనిషికి ఆస్పత్రిలో పడక ఖర్చే అసలు భయం, దానికి పార్ట్ బీ అక్కరకు రాదు. పోనీ, బీతో పాటు మార్కెట్‌ప్లేస్ ప్లాన్ కూడా ఉంచుకుందామంటే, మెడికేర్ ఉందని తెలిసి మార్కెట్‌ప్లేస్ ప్లాన్ అమ్మడం చట్టవిరుద్ధం.

ఇక ఆ బ్రోకరు. అడ్వాంటేజ్ ప్లాన్‌లో చేరాలంటే ఏ, బీ రెండూ ఉండి తీరాలి. ప్రీమియం సున్నా అన్నది ఆ ప్లానుకు మాత్రమే, 703 డాలర్లు ఎక్కడికీ పోవు. ఈ సంగతి ఆయన ఫోన్లో చెప్పారా? నాకు అనుమానమే. దానికి బదులు మెడిగ్యాప్, అంటే మెడికేర్ పోగా మన వంతు మిగిలే ఖర్చులు భరించే ప్రైవేటు అనుబంధ బీమా గురించి ఆలోచించండి. 65 దాటినవారికి పార్ట్ బీ మొదలైన నాటినుంచి ఆరు నెలలపాటు, పాత జబ్బులున్నాయని కంపెనీ కాదనడానికి గాని, ధర పెంచడానికి గాని వీల్లేదు. మధుమేహం, స్టెంటు ఉన్న నాన్నగారికి ఆ ఆరు నెలలు బంగారం లాంటివి. చాలా రాష్ట్రాల్లో ఆ తరువాత మీరడిగినా ఇవ్వకపోవచ్చు. మెడిగ్యాప్‌కు కూడా ఏ, బీ రెండూ కావాలి. 2025లో పార్ట్ ఏ డిడక్టిబుల్ 1,676 డాలర్లు, అది ఏడాదికి ఒకసారితో పోదు, ఆస్పత్రి వైద్యం ఒక్కో విడతకు ఒకసారి పడుతుంది. మెడిగ్యాప్ రకాల్లో ప్లాన్ జీ వంటిది ఉంటే ఆ భారం తప్పుతుంది.

గట్టుమీదిల్లు

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. మేము అమ్మానాన్నలను డిపెండెంట్లుగానే చూపిస్తున్నాము, రాయితీ రావడం లేదు. ఇంకా రెండు సందేహాలున్నాయి. నాన్నగారు మా ఊరి కిరాణా షాపులో వారానికి మూడు రోజులు కూర్చుంటానంటున్నారు, ఈ వయసులో క్రెడిట్లు మొదలుపెట్టినా ప్రయోజనం ఉంటుందా? వారు ఏటా చలికాలం ఇండియా వెళ్లాలనుకుంటున్నారు, అక్కడ మెడికేర్ పనిచేస్తుందా?

పాతలెక్కలు

క్రెడిట్లకు వయసు అడ్డు కాదు. 2025లో 1,810 డాలర్ల సంపాదనకు ఒక క్రెడిట్, ఏడాదికి నాలుగుకు మించి రావు, అంటే 7,240 డాలర్లు జీతంగా వచ్చి పన్ను కట్టితే ఆ ఏటి కోటా పూర్తి. నాన్నగారు ఇప్పుడు మొదలుపెడితే నలభైకి చేరేసరికి సుమారు 81 ఏళ్లు వస్తాయి. కానీ 30కి చేరగానే పార్ట్ ఏ ప్రీమియం, 2025 ధరల్లో, 518 బదులు 285కు తగ్గుతుంది. అమ్మ కూడా పనిచేయగలిగితే మంచిది, ఆమె వయసు తక్కువ, ఆమె క్రెడిట్లు నాన్నగారికి కూడా వర్తిస్తాయి. ఇద్దరిలో ఒకరికి నిండితే చాలు. అయితే పని నిజంగా చేయాలి, జీతం నిజంగా రావాలి. దుకాణంలో అడుగుపెట్టకుండా పేరు మాత్రం జీతాల పట్టీలో రాయించుకున్నవారి కథలు నేను విన్నాను, వాటి ముగింపులు ఇక్కడ రాయదగినవి కావు.

ముక్కుసూటి

ఇండియాలో మెడికేర్ పనిచేయదు. కొన్ని మెడిగ్యాప్ ప్లాన్లు, ప్లాన్ జీతో సహా, ప్రయాణం మొదలైన మొదటి 60 రోజుల్లో వచ్చే అత్యవసర వైద్యానికి, 250 డాలర్ల డిడక్టిబుల్ పోగా 80 శాతం ఇస్తాయి, జీవితకాలం మొత్తం మీద 50,000 డాలర్ల వరకు. మూడు నెలలు ఉండేవారికి మిగతా నెలకు ప్రయాణ బీమా వేరుగా తీసుకోక తప్పదు. అక్కడ ఉన్నన్నాళ్లూ ఇక్కడి ప్రీమియం మాత్రం ఆపకండి. ఆపితే బీమా రద్దవుతుంది, తిరిగి చేరేటప్పుడు మళ్లీ పెనాల్టీ.

ఇంకొకటి. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అని పిలిచే (కొన్నిచోట్ల పేరు వేరు), ప్రభుత్వ నిధులతో నడిచే ఉచిత సలహా కేంద్రాలుంటాయి, వారు ఏ కంపెనీ తరఫునా అమ్మరు. బ్రోకరు సంతకం అడిగే ముందు వారితో ఒక గంట మాట్లాడండి. తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రీమియం కట్టే ప్రభుత్వ పథకాలూ ఉన్నాయి గాని, గ్రీన్ కార్డుకు హామీ ఇచ్చిన పిల్లల ఆదాయాన్ని కూడా అక్కడ లెక్కలోకి తీసుకునే అవకాశముంది, మీ రాష్ట్రం పద్ధతి ఏమిటో వారినే అడగండి.

గట్టుమీదిల్లు

నవంబరు మొదటివారానికి సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో అపాయింట్‌మెంట్ దొరికింది. ఇద్దరికీ ఏ, బీ రెండూ తీసుకుంటాము, డిసెంబరు ఒకటిన బీమా మొదలయ్యాకనే మార్కెట్‌ప్లేస్ ప్లాన్ ఆపేస్తాము. ఈసారి ఇండియా ప్రయాణం ఫిబ్రవరికి జరిపాము. అమ్మ మాత్రం పై సమాధానం చదివించుకుని, పాత క్యాలెండర్లు అటక మీద ఉన్నాయేమో చూడమంటోంది.