పాత చేతి కంప్యూటర్‌లో బ్రౌజర్ మూసుకుపోవడం, మోడెమ్ నిలవకపోవడం: కారణాలు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 2001లో కొనుక్కున్న చేతి కంప్యూటర్‌ను మళ్లీ వాడుకలోకి తేవాలని నెల రోజులుగా ప్రయత్నిస్తున్నాను. చిన్న కీబోర్డు, 32 ఎంబీ మెమరీ, చిన్న పరికరాల కోసం చేసిన విండోస్ సీఈ 3.0, పక్క స్లాటులో దూర్చే పీసీ కార్డు మోడెమ్ ఉన్నాయి. కాలువ పనుల మీద తిరిగిన రోజుల్లో ఆయన రాసుకున్న నోట్సు అంతా అందులోనే ఉంది. ఇన్నేళ్లలో దాని ఛార్జింగ్‌ను ఆయన ఒక్కసారి కూడా పూర్తిగా దిగిపోనివ్వలేదు.

సమస్యలు రెండు. బ్రౌజర్‌లో చిన్న పేజీలు తెరుచుకుంటున్నాయి కానీ, కాస్త పెద్ద పేజీ అయితే సగం కనిపించి బ్రౌజర్ మొత్తం మూసుకుపోతోంది. రెండోది మోడెమ్. హైదరాబాదులోని మా ఇంటి నుంచి గుంటూరులో మా తమ్ముడి ఇంట్లో మోడెమ్ తగిలించి ఉంచిన కంప్యూటర్‌కు డయల్ చేస్తున్నాను. ఏరియా కోడ్‌ను దాని గడిలో రాస్తే ఆ నంబరు లేదనే మాట వినిపించేది. ఆ గడి వదిలేసి 0863తో సహా మొత్తం నంబరు ఒకేచోట రాస్తే అవతల మోగుతోంది, రెండు మోడెములూ కూత పెట్టుకుంటున్నాయి, అర నిమిషంలో తెగిపోతోంది. రెండు ఇళ్లలోనూ ఇప్పుడు ఫోను ఫైబర్ పెట్టె నుంచే వస్తోంది. హార్డ్ రీసెట్ (అంతా తుడిచి కొత్తదానిలా మొదలుపెట్టడం) చేస్తే అన్నీ సర్దుకుంటాయని ఒక మిత్రుడు చెప్పారు. చేయవచ్చా?

సమాధానం 1

దయచేసి హార్డ్ రీసెట్ చేయకండి. ఈ తరం పరికరాల్లో మనం రాసుకున్న ఫైళ్లు ర్యామ్‌లోనే ఉంటాయి, బ్యాటరీ ఇచ్చే విద్యుత్తే వాటిని కాపాడుతుంది. హార్డ్ రీసెట్ చేసినా, పెద్ద బ్యాటరీతో పాటు లోపలి బిళ్ల బ్యాటరీ కూడా అయిపోయినా మీ నాన్నగారి నోట్సు తిరిగి రాదు. మిగతా పనులన్నీ ఆపి, 2 జీబీ లోపు కాంపాక్ట్‌ఫ్లాష్ మెమరీ కార్డును ఎఫ్ఏటీ16 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసి, నోట్సు అంతా దానిలోకి కాపీ చేసుకోండి. ఆ కార్డుకు వేరే స్లాటు లేకపోతే మోడెమ్ తీసి, పీసీ కార్డు స్లాటులోనే అడాప్టర్‌తో ఆ కార్డు పెట్టవచ్చు. ఆ ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయని కళ్లారా చూసేదాకా లోపలి ప్రతిని తుడిచివేయకండి.

బ్రౌజర్ సమస్యకు కూడా దారి ఇక్కడే ఉంది. విండోస్ సీఈ ఉన్న ర్యామ్‌ను ఫైళ్ల నిల్వకు కొంత, ప్రోగ్రాములు నడవడానికి కొంత అని రెండు వాటాలు చేస్తుంది. నిల్వ వాటా నిండుగా ఉంటే ప్రోగ్రాములకు మిగిలేది తక్కువ. నోట్సు కార్డులోకి మారి లోపల ఖాళీ ఏర్పడ్డాక, కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్, అందులో మెమరీ తెరిచి, అక్కడి జరుపుడు మీటను ప్రోగ్రాముల వాటా పెరిగేలా జరపండి. బ్రౌజర్‌లో బొమ్మలు చూపడం ఆపి, దాచుకున్న పాత పేజీలను కూడా తుడిచివేయండి.

సమాధానం 2

మోడెమ్ సంగతి నేను చెబుతాను. నంబరు లేదన్న మాటకు కారణం డయలింగ్ ప్యాటర్న్స్ అనే అమరిక. అందులో మొదటి నుంచీ ఉండేది అమెరికా పద్ధతి: దూరపు కాల్‌కు 1, తర్వాత ఏరియా కోడ్, తర్వాత నంబరు. మన దగ్గర ఆ 1 స్థానంలో 0 ఉండాలి. అది మార్చుకుంటే ఏరియా కోడ్‌ను దాని గడిలోనే రాసుకోవచ్చు.

అర నిమిషంలో తెగిపోవడానికి కారణం మీ మోడెమ్ కాదని నా నమ్మకం. రాగి తీగ మీద కూత అవతలికి తెగకుండా చేరేది. ఫైబర్ మీద అదే ధ్వనిని మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ప్యాకెట్లుగా పంపుతారు. ఒక ప్యాకెట్ ఆలస్యమైనా, పోయినా మనిషి చెవి పట్టించుకోదు, మోడెముకు మాత్రం అవతలి మోడెముతో లయ తప్పుతుంది. ధ్వనిని కుదించి పంపే జీ.729 వంటి పద్ధతి వాడితే వేగవంతమైన సంధానం అసలు నిలవదు, కుదించని జీ.711 అయితే కొంత ఆశ ఉంటుంది. మామూలు లైన్ల మీద రెండు మోడెములు మాట్లాడుకుంటే వీ.34 అనే మోడెమ్ ప్రమాణం ప్రకారం గరిష్ఠ వేగం సెకనుకు 33,600 బిట్లు; పెట్టె మీద రాసి ఉండే 56కే అన్నది అవతలి వైపు నేరుగా డిజిటల్ లైను ఉన్నప్పుడే సాధ్యం. కాబట్టి మీరు వేగాన్ని పట్టుబట్టి తగ్గించండి. 14,400తో మొదలుపెట్టి, నిలవకపోతే 9,600కు దిగండి. అందుకు ఇవ్వవలసిన ఆదేశం మోడెమ్‌ను బట్టి మారుతుంది, దాని పుస్తకంలో చూసుకోండి. పీసీ కార్డు మోడెమ్ విద్యుత్తును బాగా తాగుతుంది కనుక ప్రయత్నం చేసినంతసేపూ అడాప్టర్ తగిలించి ఉంచండి.

సమాధానం 3

పై ఇద్దరి మాటలూ సరైనవే. అయితే మెమరీ ఎంత పెంచినా ఈనాటి సైట్లు చాలావరకు ఆ బ్రౌజర్‌లో రావు. ఇప్పటి సైట్లు సమాచారాన్ని రహస్యంగా పంపే టీఎల్ఎస్ పద్ధతిలో 1.2 గానీ, అంతకన్నా కొత్తది గానీ అడుగుతాయి. 1.2 వచ్చిందే 2008లో. 2001 నాటి బ్రౌజరుకు ఆ భాష తెలియదు.

నేను ఇలాంటి పరికరాన్ని ఫోన్ లైనుతో పని లేకుండా నడుపుతున్నాను. దాని సీరియల్ కేబుల్‌ను రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకు కలిపి, 115200 వేగంతో పీపీపీ (తీగ మీద నెట్ సంధానం కలిపే పద్ధతి) నడిపిస్తాను. చేతి కంప్యూటర్ మొదట క్లయింట్ అనే మాటను ఇంగ్లిషు పెద్దక్షరాల్లో పంపుతుంది. దానికి క్లయింట్‌సర్వర్ అని బదులు రాకపోతే అది ముందుకు కదలదు. ఈ చిన్న సంగతి తెలియక నేను రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాను. ఆ చిన్న కంప్యూటర్‌లోనే ప్రాక్సీ (మధ్యవర్తి ప్రోగ్రాము) పెడితే, అది కొత్త పద్ధతిలో పేజీని తెచ్చి, చేతి కంప్యూటరుకు పాత మామూలు హెచ్‌టీటీపీలో అందిస్తుంది. మధ్యలో రహస్యం ఉండదు కనుక ఆ దారిలో పాస్‌వర్డులు మాత్రం ఇవ్వకండి.

అడిగినవారి జవాబు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ముందుగా నోట్సు కాపీ చేశాను. 212 ఫైళ్లూ మా లాప్‌టాప్‌లో తెరుచుకున్నాయి. ప్రోగ్రాముల వాటా 10 ఎంబీ నుంచి 20కి పెంచాక, ఇదివరకు మూసుకుపోయిన పేజీల్లో ఎక్కువ భాగం పూర్తిగా కనిపిస్తున్నాయి. 14,400 నిలవలేదు కానీ, 9,600 దగ్గర నిన్న రాత్రి సంధానం పదకొండు నిమిషాలు తెగకుండా నిలిచింది. అంతసేపూ నాన్నగారు పక్కనే కూర్చుని ఆ కూత విన్నారు. సీరియల్ కేబుల్ కోసం వెతుకుతున్నాను. అది దొరికాక ప్రాక్సీ అమరికలో ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడుగుతాను.