‘మంచికి రోజులు కావు’: కావు అనాలా, లేవు అనాలా?

పోయిన ఆదివారం కందుకూరు నుంచి కావలి వస్తుంటే బస్సులో విన్న మాట ఇది. చిల్లర లేదని కండక్టర్ ఒక పెద్దాయనకి టికెట్ వెనక 60 అని రాసిచ్చాడు. కావలి బస్టాండులో ఆయన ఆ సంగతే మరిచిపోయి సంచి తీసుకుని దిగిపోయాడు. పక్క సీటు కుర్రాడు అప్పటిదాకా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్‌లోంచి తలెత్తలేదు. వాడే కిటికీలోంచి "తాతా, చిల్లర!" అని అరిచి, ఆయన్ని వెనక్కి పిలిచి, కండక్టర్ చేత అరవై ఇప్పించాడు. పెద్దాయన నోట్లు మడిచి రొంటిన దోపుకుంటా అన్నాడు కదా: "మంచికి రోజులు కావు నాయనా. నువ్వు కాబట్టి పిలిచావు. ఇంకొకడైతే గమ్మునుండేవాడు."

మంచి జరిగిన నిమిషంలోనే ఆ మాట ఎందుకు వచ్చిందా అని ఇంటికొచ్చేదాకా ఆలోచిస్తానే ఉన్నా.

ముందు మాట సంగతి. మా ఇంట్లో నాయన ‘కావు’ అంటాడు, అమ్మ ‘లేవు’ అంటుంది. నాకైతే రెండూ ఒకటి కాదనిపిస్తుంది. ‘లేవు’ అనేది ఏ కాలంలోనైనా చెల్లుతుంది. ‘కావు’ అన్నామంటే ఇవి ఆ రోజులు కావని, ఆ రోజులు ఎప్పుడో ఉండేవని ఒప్పుకున్నట్టే. ఎప్పుడుండేవో ఎవరూ అడగరు. ఇంకోటి, ‘రోజు’ పారసీ మాట, ఉర్దూ మీదుగా మనకొచ్చింది. పాతకాలాన్ని తలుచుకుని వాపోయే వాక్యంలో మధ్యన కూర్చున్నది కొత్త మాట!

నాకు అసలు గట్టి మాట ‘నువ్వు కాబట్టి’. మేలు చేసినవాణ్ణి లెక్కలోంచి పక్కకు తీసేస్తుంది. ఇట్టా ఎంతమంది మంచివాళ్ళు ఎదురైనా లోకం మీద తీర్పు మారదు.

దీని మీద పెద్ద పరిశోధనే ఉంది. ఆడమ్ మాస్ట్రోయాని, డేనియల్ గిల్బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2023లో నేచర్ అనే సైన్సు పత్రికలో అచ్చేశారు. కనీసం 60 దేశాల్లో జనం నీతి తగ్గిపోతోందనే నమ్ముతున్నారట. అమెరికాలో 1949 నుంచీ సర్వేల్లో ఇదే పాట. నిన్న మిమ్మల్ని మర్యాదగా చూశారా, ఈ మధ్య ఎవరికైనా సాయం చేశారా లాంటివి అడిగితే మాత్రం దశాబ్దాలు గడిచినా జవాబులు దాదాపు మారలేదు. ‘మీకు తెలిసినవాళ్ళు?’ అంటే, వాళ్ళు మెరుగయ్యారనే చెప్పారు. మన ‘నువ్వు కాబట్టి’ అదే కదా.

(దీని కింద వచ్చిన వ్యాఖ్యలు ఇవి. పేరు లేనివి నా జవాబులు.)

కావలి మాస్టారు: ‘కలికాలం’ని వదిలేశావేం నాయనా? కృత, త్రేత, ద్వాపర, కలి అనేవి పాచికల పందెం పేర్లు కూడా. కలి ఓడిపోయే పందెం. జూదంలో ఓడి అడవులు పట్టిన ధర్మరాజుకే మార్కండేయుడు కలియుగం ఎట్టుంటుందో చెప్తాడు. నన్నయ వదిలిపెట్టిన అరణ్యపర్వ శేషంలో దాన్ని తెలుగు చేసింది మన గుడ్లూరు ఎర్రన, పద్నాలుగో శతాబ్దంలో. చెడు రోజులు రాబోతున్నాయని ద్వాపరంలోనే అనుకున్నారు చూడు.

ఒంగోలు అక్క: గుడ్లూరు మాది మాస్టారూ, ప్రకాశం.

కావలి మాస్టారు: 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు తల్లీ. అప్పుడే ఎర్రన మాకొచ్చేశాడు.

చీరాల తమ్ముడు: ఆ మంచి రోజుల్లోనే మా తాతకి ఊళ్ళో టీ హోటల్లో గ్లాసు వేరేగా పెట్టారు. తాగి, ఆయనే కడిగి, బయట గూట్లో పెట్టాలి. కారంచేడులో దళితుల్ని చంపింది 1985లో. అప్పుడది ప్రకాశం జిల్లానే. మా తాత నోట ‘మంచికి రోజులు కావు’ అనే మాట నేనెప్పుడూ వినలేదు. ఎవరికి మంచి రోజులు అని కూడా అడగండి అన్నా.

తమ్ముడూ, నేను రాయాల్సింది నువ్వు రాశావు. నాకు ఆ గూడు తట్టలేదు. ఆ పరిశోధకులు చెప్పే కారణాల్లో ఒకటి ఇది: పాత చేదు తొందరగా పలచబడుతుంది, తీపి నిలబడుతుంది. చేదు తాగించిన ఇంట్లో తొందరగా పలచబడుతుందేమో, తాగిన ఇంట్లో కాదు (ఇది నా మాట, వాళ్ళది కాదు). రెండో కారణం వార్తలు. టికెట్ వెనక అరవై ఇప్పించిన కుర్రాడు ఏ పేపర్లోనూ రాడు, అరవై ఎగ్గొట్టినవాడు వస్తాడు.

ఒంగోలు అక్క: అట్టని మోసాలు లేవా? పోయిన నెల ఓటీపీ చెప్పించి మా అత్తమ్మ పింఛను డబ్బులు ఊడ్చేశారు.

ఉన్నాయక్కా, లేవని ఎవరన్నారు. మోసం కొత్త వేషం వేసుకుంది. నేనడిగేది, మీ అత్తమ్మ చిన్నప్పుడు మోసగాళ్ళు లేరా అని. ఆ సర్వేల్లో జనాన్ని పతనం ఎప్పుడు మొదలైందని అడిగితే, తాము పుట్టకముందు అంతా బాగానే ఉన్నట్టు, తాము పుట్టినప్పట్నుంచీ దిగజారినట్టు చెప్పారు. అరవై ఏళ్ళాయనకి అరవై ఏళ్ళ కిందట, ఇరవై ఏళ్ళవాడికి ఇరవై ఏళ్ళ కిందట.

కావలి మాస్టారు: అంటే నేను పుట్టడమే తప్పంటావ్. సరే, ‘లేవు’ కన్నా ‘కావు’ పాతదనేదానికి ఆధారం ఉందా?

పాతదని నేననలేదు మాస్టారూ, అర్థం వేరన్నా. మీ ఇంట్లో ఏమంటారు?

కావలి మాస్టారు: మా అమ్మ ‘మంచికి కాలం కాదు’ అనేది. రోజుల్లేవు ఆమె మాటలో. బాగా రాశావు నాయనా. ఈ కాలం పిల్లలకి భాష ఎక్కడ పట్టింది! నువ్వు కాబట్టి...