బ్రేక్ ప్యాడ్లు ఎంత అరిగితే మార్చాలి?

ప్రశ్న – హైదరాబాద్ నుంచి

నమస్కారం. నా దగ్గర పెట్రోలుతో నడిచే చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు ఉంది. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు. మీటరు మీద 41 వేల కిలోమీటర్లు దాటాయి. ఈమధ్య సర్వీసుకు ఇచ్చినప్పుడు ముందు ప్యాడ్లు అరిగిపోయాయనీ, వెంటనే మార్చాలనీ, వాటితోపాటు డిస్కులు కూడా మార్పించుకోవడం మంచిదనీ చెప్పారు. ఎంత మందం మిగిలిందని అడిగితే మాత్రం అంకె ఏదీ చెప్పలేదు. మా వీధి చివర షెడ్డులోని మెకానిక్ చక్రం విప్పకుండా, అల్లాయ్ వీల్ సందుల్లోంచి టార్చిలైటు వేసి చూసి, ఇప్పట్లో మార్చనక్కరలేదని అన్నారు. కారు బాగానే ఆగుతోంది. ఉదయం బండి తీసినప్పుడు ఒకటి రెండుసార్లు కీచుమంటుంది, తర్వాత ఆ శబ్దం ఉండదు. వచ్చే నెల అమ్మానాన్నలను తీసుకుని శ్రీశైలం వెళ్ళాలి కాబట్టి ఈ విషయం తేలకుండా బయలుదేరడం నాకు ఇష్టం లేదు. ఇద్దరిలో ఎవరి మాట సరైనదో నేను ఎలా తెలుసుకోవాలి?

మొదటి జవాబు

మీరు అంకె అడగడం సరైన పని. ప్యాడ్ల విషయంలో కిలోమీటర్లు ఒక అంచనా మాత్రమే. విజయవాడ హైవే మీద ఎక్కువగా తిరిగే కారుకు, అమీర్‌పేట ట్రాఫిక్‌లో రోజూ నలిగే కారుకు ఒకే లెక్క కుదరదు. అందుకే మందం కొలవాలి. కొత్త ప్యాడ్‌కు ఉక్కు పలక మీద అంటించిన రాపిడి పదార్థం సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చే ఏర్పాటు చేసుకోవాలి, 2 దగ్గరకు వస్తే ఇక ఆలస్యం చేయకూడదు. కొలిచేటప్పుడు వెనుకనున్న ఉక్కు పలకను కలపకూడదు. ఆ పలకే 5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి, రెండూ కలిపి చూసినవారికి అరిగిన ప్యాడ్ కూడా నిండుగానే కనిపిస్తుంది.

ఉదయం వచ్చే శబ్దానికి భయపడనవసరం లేదు. రాత్రి మంచుకో, వానకో, కారు కడిగిన నీళ్ళకో డిస్క్ మీద పలుచగా తుప్పు పడుతుంది, నాలుగుసార్లు బ్రేకు తొక్కేసరికి అది రాలిపోతుంది. పగలంతా, నెమ్మదిగా వెళుతున్నప్పుడు కూడా సన్నగా కీచుమంటూ ఉంటే అది వేరు: ప్యాడ్‌కు బిగించిన చిన్న ఇనుప రేకు డిస్క్‌ను తాకి, అరుగుదల హద్దుకు వచ్చిందని హెచ్చరిస్తోందన్నమాట. అయితే తక్కువ ధర ప్యాడ్లలో కొన్నింటికి ఆ రేకు ఉండదు, అందువల్ల శబ్దం లేదు గనుక ప్యాడ్ ఉందని అనుకోవడం ప్రమాదం. గరగరమని ఇనుము ఇనుముతో రాసుకునే శబ్దం వస్తే మాత్రం ఆ కారును నడపకండి.

రెండో జవాబు – వర్క్‌షాపులో పనిచేసే వ్యక్తి

పైన చెప్పినదంతా నిజం. మీకు రెండు వేర్వేరు మాటలు ఎందుకు వినిపించాయో నేను ఊహించగలను. చక్రం సందుల్లోంచి కనిపించేది బయటి ప్యాడ్ ఒక్కటే. మీ కారు వంటి వాటిలో క్యాలిపర్‌కు, అంటే ప్యాడ్లను పట్టి ఉంచి డిస్క్ మీద నొక్కే భాగానికి, పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను డిస్క్ మీదకు నెడితే, ఆ ఒత్తిడికి క్యాలిపర్ తన పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాక్కువస్తుంది. ఆ పిన్నుల్లో గ్రీజు ఎండిపోయినా, రబ్బరు తొడుగు చిరిగి నీళ్ళు దిగినా క్యాలిపర్ జరగదు, అప్పుడు భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. కాబట్టి రెండు ముందు చక్రాలూ విప్పించి, నాలుగు ప్యాడ్లనూ విడివిడిగా, పలుచగా ఉన్న చోట కొలిపించండి. మీరు పక్కనే నిలబడి చూడండి.

డిస్కుల విషయంలోనూ అంకే అడగండి. సాధారణంగా డిస్క్ మీద కనీస మందం అచ్చువేసి ఉంటుంది. అంచున అరగని గట్టు మిగులుతుంది కాబట్టి మామూలు స్కేలు పెడితే తప్పు లెక్క వస్తుంది, ప్యాడ్ రాసుకునే చోట మైక్రోమీటరుతో కొలవాలి. కనీస మందానికి పైన ఉండి, లోతైన గాట్లు లేకుండా, బ్రేకు తొక్కినప్పుడు పెడల్ గాని స్టీరింగ్ గాని వణకకుండా ఉంటే ఆ డిస్క్‌ను మార్చవలసిన అవసరం లేదు.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే నా ఎదుటే విప్పించాను. కుడి చక్రంలో బయటి ప్యాడ్ 6, లోపలిది 5 మిల్లీమీటర్లు. ఎడమ చక్రంలో బయటిది 6 ఉండగా లోపలిది 2 మాత్రమే ఉంది, దాని కింది అంచు ఇంకా పలుచబడి ఏటవాలుగా కనిపించింది. ఆ వైపు పిన్నుల్లో ఒకటి చేత్తో లాగితే రాలేదు. డిస్కుల మీద 18 అని అచ్చువేసి ఉంది, కొలిస్తే రెండూ 19కి పైనే వచ్చాయి. బ్రేక్ ఆయిల్ కనీస గీతకు దగ్గరగా ఉంది. ఆ ఎడమ లోపలి ప్యాడ్ ఒక్కటి మార్చి, ఆయిల్ నింపితే సరిపోతుందా?

రెండో జవాబు ఇచ్చినవారు

సరిపోదండీ. ముందు రెండు చక్రాల ప్యాడ్లూ సెట్టుగా మార్చాలి, లేకపోతే రెండు వైపులా పట్టు సమానంగా ఉండక, గట్టిగా తొక్కినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది. డిస్కులకు ఇంకా ఆయుష్షు ఉంది, ఉంచేయండి. అన్నిటికంటే ముఖ్యం ఆ పట్టేసిన పిన్ను. దాన్ని తీయించి, తుప్పు శుభ్రం చేయించి, బ్రేకులకు వాడే వేడి తట్టుకునే గ్రీజు పెట్టించి, రబ్బరు తొడుగు కొత్తది వేయించకుండా ప్యాడ్లు మాత్రమే మారిస్తే, కొత్త ప్యాడ్ కూడా అదే తీరున అరుగుతుంది. ప్యాడ్ల దుమ్మును గాలిగొట్టంతో ఊదనివ్వవద్దు, అది ఊపిరితిత్తులకు చేటు.

బ్రేక్ ఆయిల్ ఇప్పుడే నింపకండి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగడం వల్ల డబ్బాలో మట్టం తగ్గుతుంది. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్‌ను వెనక్కి నెడితే మట్టం మళ్ళీ పైకి వస్తుంది. ముందే నింపి ఉంటే పొంగి పెయింటును తినేస్తుంది. ప్యాడ్లు వేశాక కూడా మట్టం తక్కువగానే ఉంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఇక షెడ్డులోంచి కారు బయటికి తీసే ముందు పెడల్ గట్టిపడే వరకు తొక్కి చూసుకోవడం మరచిపోవద్దు.

మూడో జవాబు – మార్కాపురం నుంచి

శ్రీశైలం ప్రయాణం గురించి నేను చెబుతాను. దోమలపెంట దాటాక ఆనకట్ట వైపు దిగే మలుపుల్లో నిండా మనుషులున్న కారును బ్రేకు మీదే ఆపుకుంటూ వెళితే, ప్యాడ్లు కొత్తవైనా వేడెక్కి పట్టు తగ్గుతాయి. దిగడం మొదలుపెట్టకముందే రెండో గేరులోకి వచ్చి, ఇంజనునే బండిని పట్టి ఉంచనివ్వండి. బ్రేకును అదేపనిగా తొక్కి ఉంచకుండా, కాస్త గట్టిగా తొక్కి వదలండి. కాలిన వాసన వస్తే రోడ్డు పక్కన వెడల్పైన చోట ఆపి చల్లారనివ్వండి, డిస్కుల మీద నీళ్ళు పోయకండి.

బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్ళు దాటితే అది కూడా మార్పించండి. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం, గాలిలోని తేమను పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ఘాట్‌లో అది మరిగితే పెడల్ నేల దాకా దిగిపోతుంది. ప్యాడ్లు మాత్రం బయలుదేరే ముందురోజు వేయించకండి. డిస్క్‌తో అవి సమంగా కుదురుకోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. ఆ లోపు ఖాళీ రోడ్డు మీద అరవై వేగం నుంచి ఇరవైకి మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ పదిసార్లు అలా చేయండి. వేయించే పని ఈ వారంలోనే పెట్టుకుంటే మీ ప్రయాణానికి ముందు ఆ దూరం నగరంలోనే తిరిగేస్తారు.