14 వేల కత్తి మచ్చుకత్తి పని చేస్తుందా?

మారతహళ్లి_మదనపల్లె

అందరికీ నమస్తే. మాది మదనపల్లె, ఉద్యోగం బెంగళూరులో. చింతామణి దగ్గర మా మామగారి పొలం రెండెకరాలు ఉంది. మూడేళ్లుగా ఎవరూ పట్టించుకోక గట్ల నిండా పులికంప (లాంటానా), ఒక మూల సర్కారు తుమ్మ పెరిగిపోయాయి. కూలీలను పెట్టొచ్చు, కానీ వారమంతా కుర్చీలో కూర్చునే నాకు శనివారం ఆ ఒక్క పూట పని ఎంతో హాయిగా ఉంటుంది. అందుకే నేనే కొట్టుకుంటున్నాను.

పోయిన నెల 14 వేలు పెట్టి ఒక పెద్ద చాపింగ్ కత్తి కొన్నాను. బ్లేడు 10 అంగుళాలు, వీపు మందం 6 మిల్లీమీటర్లు, 5160 స్టీలు, బరువు 700 గ్రాములు. చేసిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. మణికట్టంత లావు తుమ్మకొమ్మ నాలుగైదు దెబ్బలకు తెగుతోంది. పులికంప దగ్గరే ఇబ్బంది. సన్న కొమ్మలు తెగకుండా వంగి పక్కకు పోతున్నాయి, చేయి కంపలోకి పోయి ముళ్లు గీరుకుంటున్నాయి. అరగంటకే ముంజేయి పట్టేస్తోంది. గట్టు మీద రాళ్లుంటాయి కదా, నేలకు దగ్గరగా కొడదామంటే ధైర్యం చాలడం లేదు. పెట్టిన డబ్బు గుర్తొస్తుంది.

అమ్మినాయన ఇది మచెటీ (కంప కొట్టే పొడుగాటి పల్చటి కత్తి) పని కూడా చేస్తుందన్నాడు. నిజంగా అలా లెక్కేయొచ్చా? లేక నాకే వాడటం రావడం లేదా?

కేఆర్‌పురం_రాజు

కత్తిలో తప్పేమీ లేదు అన్నా. నేపాల్ వాళ్లు కుక్రీ ఒక్కదానితోనే కట్టెలు కొడతారు, మాంసం కోస్తారు, వంటింట్లోనూ వాడతారు. దాని బ్లేడు కూడా దాదాపు అంతే పొడుగు. అలవాటు పడాలంతే. ఇంకో నెల వాడి చూడండి.

కొలిమి_హోసకోటె

తమ్ముడూ, మా తాత కమ్మరి. పుంగనూరు పక్కన పల్లె మాది, సెలవుల్లో కొలిమి తిత్తి లాగింది నేనే. కత్తి కావాలని ఎవరొచ్చినా ఆయన ముందు అడిగేది ‘ఏం కొడతావు?’ అనే. టెంకాయలా, కంపా, చెరకా, వేటమాంసమా? అది చెప్పనిదే కమాన్ పట్టాను నిప్పుల్లో పెట్టేవాడు కాదు. నీ 5160 కూడా బండ్ల కమాన్ పట్టాలకు వాడే స్టీలే. ఇనుములో లోపం లేదు, పని వేరు.

నీ కత్తి చిన్న గొడ్డలి లాంటిది. మందం, బరువు ఉన్నాయి కాబట్టి గట్టి కట్టెలోకి దిగి చీలుస్తుంది. పచ్చి సన్న కొమ్మకు బరువు కంటే వేగం కావాలి. కొమ్మ వంగేలోపే పదును దాన్ని దాటిపోవాలి. లాటిన్ అమెరికాలో చెరకు తోటల్లో వాడే మచెటీ చూడు, బ్లేడు 18 అంగుళాలు, మందం రెండు మూడు మిల్లీమీటర్లు, బరువు చాలావాటికి అర కిలో అటూ ఇటూ. పొడుగు వల్ల కొన వేగంగా తిరుగుతుంది, తేలిక వల్ల పూటంతా ఊపగలరు, చేయి కంపకు దూరంగా ఉంటుంది. రాజు గారు చెప్పిన కుక్రీ కూడా ముందు వైపు బరువున్న కత్తే. కట్టెకు మొనగాడు, తీగకు, సన్న కంపకు కాదు.

మన మచ్చుకత్తి మచెటీ కాదు, అది గుర్తుపెట్టుకో. మనది పొట్టిది, కొన ముందుకు వంగి ఉంటుంది. కొమ్మ జారిపోకుండా ఆ వంపు పట్టి లాక్కొస్తుంది. మా ఊళ్లో కంప కొట్టేవాళ్లకు ఎడమ చేతిలో పంగల కర్ర ఉండాల్సిందే. దానితో కొమ్మను నొక్కిపెట్టి కుడిచేత్తో మచ్చు వేస్తారు. ముళ్లు గీరుకోవు.

రాయి సంగతి. గట్టిగా నీరు పట్టించి (ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచి) సన్నగా సానబెట్టిన అంచు రాయికి తగిలితే పెచ్చు లేస్తుంది. కంపకత్తిని కావాలనే కాస్త మెత్తగా ఉంచుతారు. రాయికి తగిలితే అంచు మడత పడుతుంది, గట్టు మీదే కూర్చుని ఆకురాయితో పది గీతలు గీస్తే మళ్లీ తెగుతుంది. నీరు పట్టించాక తాత ఆకురాయి వేసి చూసేవాడు. గాజు మీద జారినట్టు జారిపోతే మరీ గట్టిపడిందని లెక్క, కాస్త మెత్తబడేలా మళ్లీ వేడి చూపించేవాడు. గట్టు మీద కొట్టడానికి ధైర్యం చాలడం లేదన్నావే, ఆ కత్తి ఆ పనికి కాదని నీ చేయే చెప్తోంది.

పులికంపను పైపైన ఎంత కొట్టినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. కొమ్మలు కొట్టి దారి చేసుకుని, వాన పడి నేల మెత్తబడ్డాక గునపంతో వేరుతో సహా లేపెయ్. తుమ్మముల్లు చెప్పుల్లోంచి దిగుతుంది, మందపాటి బూట్లు లేకుండా పోవద్దు.

లాయర్_అక్క

కారులో తీసుకెళ్తారు కాబట్టి ఒక మాట. 2016 ఆయుధాల నియమాల్లో, 9 అంగుళాల కన్నా పొడుగు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడున్న కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి తయారైనవాటికి మినహాయింపు ఉంది. ఊరి మచ్చు పొలం పనిముట్టని ఎవరికైనా తెలుస్తుంది. మీ కత్తికి అది మీరు వివరించాల్సి రావచ్చు. గోనెసంచిలో చుట్టి పార, గునపంతో పాటు డిక్కీలో పెట్టుకోండి. పొలం నుంచి నేరుగా ఇంటికే తీసుకెళ్లండి.

మారతహళ్లి_మదనపల్లె

అందరికీ థాంక్స్. నిన్న పొలానికి పోతూ చింతామణిలో ఒక కొలిమి దగ్గర 500 రూపాయలకు మచ్చు తీసుకున్నాను. పంగల కర్ర వేపకొమ్మతో నేనే చేసుకున్నాను. పొద్దున ఏడింటికి మొదలుపెడితే పదకొండుకు తూర్పు గట్టు సగం పైనే తేలింది, చేతి మీద ఒక్క గీత లేదు. రాయికి రెండుసార్లు తగిలింది, ఆకురాయి వేశాను, సరిపోయింది. పెద్ద కత్తితో తుమ్మ మొద్దులు కొట్టాను, ఆ పనికి దాన్ని మించింది లేదు, అమ్మను.

కొలిమి అన్నా, మచ్చు పిడి కొంచెం వదులుగా ఊగుతోంది. మారతహళ్లి వైపు పిడి బిగించే లక్క ఎక్కడ దొరుకుతుంది?

కొలిమి_హోసకోటె

కొనొద్దు. నువ్వు పోయే దారిలోనే కదా మా ఇల్లు. శనివారం ఆగు, నా దగ్గర ఉంది, పోసిస్తాను. ఊగే పిడితో మాత్రం ఆ లోపల ఒక్క దెబ్బ కూడా వేయకు.